ఎర్ర సున్నా లేని రోజు

ఉప్పుగూడ, హైదరాబాదు
18 జూన్ 1999

ఏమండీ,

పదిహేను రోజుల కిందట, మీరు బొంబాయి చేరినట్టు బాబురావు ఎస్టీడీ బూతుకి ఫోన్ చేశారట. ఆయన పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర్నుంచే "మేడమ్, సార్ మంచిగ చేరిండట, ఫికర్ చెయ్యొద్దన్నడు" అని వీధంతా వినేలా కేకేశాడు. ఇప్పుడు ఉప్పుగూడ మొత్తానికి ఫికర్ లేదు. నేను ఫోన్ చెయ్యనిది ఇందుకే. ఆ బూతుకి అద్దం తలుపైతే ఉంది గానీ దాని గొళ్ళెం పడదు. నేను మీతో చెప్పాల్సిన మాట అక్కడ చెబితే, సాయంత్రానికి కూరల బండి దగ్గర నన్నే ఎదురడుగుతారు.

ఆ మాట ముందే చెప్పేస్తాను. ఈసారీ లేదు. నిన్న ఆఫీసులో ఉండగా మొదలైంది. కంచన్‌బాగ్ నుంచి బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి వచ్చాను. నేను నోరు విప్పకముందే అత్తయ్య నా మొహం చూశారు. దేవుడి గూట్లో తోమి పెట్టుకున్న వెండి ఉగ్గుగిన్నెను తీసి, మళ్ళీ బట్టలో చుట్టి, బీరువాలో పెట్టేశారు. ఆవిడ నన్ను ఒక్క మాట అనరు. ఎప్పుడైనా అంటే బాగుండుననిపిస్తుంది.

వంటింటి గోడ మీద క్యాలెండరు చూస్తే నవ్వొస్తోంది. డాక్టరమ్మ చెప్పిన తేదీల చుట్టూ మీరు ఎర్ర పెన్సిలుతో గీసిన సున్నాలు. ఏడాదిగా మీ రాకపోకలన్నీ వాటి ప్రకారమే. పక్కింటి కాశమ్మ కూడా కనిపెట్టేసింది. "ఏంది సుచరితమ్మా, మీ సారు అమాసకు పున్నానికి వచ్చినట్టు వస్తడు, మల్ల ఉండనే ఉండడు" అంది మొన్న. బొంబాయిలో సెలవు దొరకదని చెప్పాను. ఇంకేం చెప్పను?

హాయిగా కాలేజీలో పిల్లలకు జువాలజీ చెప్పుకునేవారు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు, నా కడుపులో ఏముందో కనిపెట్టి తీరాలని, తలలో తెల్ల వెంట్రుకలతో పీహెచ్‌డీకి బయల్దేరారు. మా ఆయన నాకోసమే వెళ్ళారని ఆఫీసులో గొప్పగా చెప్పుకుంటాను. కానీ నాకోసం వెళ్ళిన మనిషి నా దగ్గర లేడు. ఇది ఎవరితో చెప్పుకోను?

ఎండోమెట్రియోసిస్. ఈ జబ్బు పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. టైపు మాత్రం తప్పుల్లేకుండా కొట్టగలను. అందులో మీరు చేసే పని ఏమిటో ఒక్కసారి నాకు అర్థమయ్యేలా రాయండి. క్లాసులోలా కాకుండా.

మీ
సుచరిత


దాదర్, బొంబాయి
2 జూలై 1999

సుచీ,

నీ ఉత్తరంలో మొదటి పేరా చదివి నవ్వుకున్నాను. రెండోది చదివి ల్యాబ్ బయటికెళ్ళి టీ తాగాను. దిగులు పడకు. వచ్చే నెల సున్నాలకు మళ్ళీ వస్తాను.

క్లాసులోలా వద్దన్నావు. ప్రయత్నిస్తాను. గర్భసంచి లోపల ప్రతి నెలా ఒక పొర తయారవుతుంది. బిడ్డ వస్తే పడుకోవడానికి వేసిన పరుపనుకో. బిడ్డ రాకపోతే ఆ పరుపు ఎత్తేయాలి. అప్పుడు ఆ పొరలో కణాలు చాలా భాగం తమంతట తామే చచ్చిపోతాయి. ఎవరూ చంపరు. ప్రతి కణంలోనూ చావమని చెప్పే ప్రోటీన్లున్నాయి, వద్దు ఉండమని చెప్పేవీ ఉన్నాయి. వేళ అయ్యాక చావమనేవాటి మాట చెల్లాలి. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ సైరన్ మోగగానే డ్యూటీ అయినవాళ్ళు గేటు దాటి ఇళ్ళకు పోతారే, అలాగన్నమాట.

కొన్ని కణాలు బయటికి పోకుండా వెనక్కి, గొట్టాల గుండా కడుపులోకి పోతాయి. ఇది చాలామంది ఆడవాళ్ళలో జరిగేదే. వాళ్ళలో అవి అక్కడే చచ్చిపోతాయి. నీలాంటి కొందరిలో చావవు. సైరన్ విన్నా కదలవు. ఉండమనే ప్రోటీన్ వాటిలో ఎక్కువగా ఉంది. అండాశయం మీదో, పేగు పక్కనో అంటుకుని అక్కడే కాపురం పెడతాయి. పెట్టినా పాత ఇంటి నెల లెక్క మాత్రం మరిచిపోవు. నెల తిరగ్గానే అక్కడ కూడా రక్తం కారుస్తాయి. ఆ రక్తం బయటికి రావడానికి దారి లేదు. నీ నొప్పి అదే.

నా పని ఆ చావును లెక్కపెట్టడం. చచ్చిపోతున్న కణాన్ని మాత్రమే పట్టుకునే రంగు ఒకటుంది. మైక్రోస్కోపులో అది గోధుమరంగు చుక్కలా కనిపిస్తుంది. నాలుగైదు ఊళ్ళ ఆసుపత్రుల నుంచి ముక్కలొస్తాయి. నిన్ను చూసే డాక్టరమ్మ కూడా ఆపరేషన్లు చేసినప్పుడు పంపిస్తారు. పేర్లుండవు. వయసు, పిల్లల సంగతి, ఒక నంబరు, అంతే. మంచి పొరలో చుక్కలే చుక్కలు. జబ్బు పొరలో వెతుక్కోవాలి. ఈ కణాలు ఎందుకు చావడం లేదో తెలిస్తే, వాటికి వినబడేలా సైరన్ మోగించే మందు ఏదో ఒకనాడు వస్తుంది. కోత లేకుండా, సంచి తియ్యకుండా. అప్పుడు మనకి కూడా బిడ్డ ఉంటుంది. ఈ ఆశతోనే ఇక్కడ ఉన్నాను.

హాస్టలు కిటికీ కిందే రైలు పట్టాలు. తెల్లవారగానే లోకల్ బళ్ళ మోత. నువ్వైతే ఆ వేళకి రేడియో పెట్టి, పాట అయిపోయి వార్తలు మొదలవగానే టక్కున ఆపేస్తావు. ఆ ఆపేసిన చప్పుడు కోసం ఇక్కడ రోజూ చెవి పెడతాను. నాకెంత బెంగగా ఉందో బాబురావు బూతులో చెప్పలేను కదా.

నీ
వేణు


ఉప్పుగూడ
9 సెప్టెంబరు 1999

ఏమండీ,

మీరు వచ్చి వెళ్ళాక ఈ నెలా లేదు. ఈసారి నొప్పి కూడా మామూలుగా రాలేదు.

సూపరింటెండెంటు గారికి ఒక లెటర్ టైపు కొడుతున్నాను. సగంలో అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తెరిచేసరికి నేలమీద ఉన్నాను. ఆటోలో ఇంటికి తెచ్చారు. గేటు దగ్గర కాశమ్మ పట్టుకుంది. "అయ్యో బిడ్డా, ఏంది గిట్ల తెల్లగయినవ్? ఎన్ని దినాల సంది దాస్తున్నవ్ గీ బాధ?" అని నన్ను ఎత్తుకున్నంత పని చేసి లోపలికి తెచ్చింది.

అత్తయ్య స్టూలు వేసుకుని, ఈ వయసులో అటకెక్కి, చుట్టి ఉన్న చాప ఒకటి దించారు. దులిపి, వెనక గదిలో పరిచారు. పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టారు. "మూడు రోజులు వంటింట్లోకి రాకు" అని వెళ్ళిపోయారు.

ఆ చాప మీకు గుర్తుందా? పెళ్ళైన కొత్తలో నేను బయట చేరితే అత్తయ్య దాన్నే వేశారు. మీకు కోపమొచ్చింది. "మన ఇంట్లో ఈ అంటూ ముట్టూ ఉండవమ్మా, ఇదేమన్నా తెనాలి అగ్రహారమా" అని దాన్ని చుట్టి అటకమీద పారేశారు. నేనెంత మురిసిపోయానో! ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. ఆ నెల నుంచీ, ఆ మూడు రోజులూ కూడా పొద్దున్నే లేచి వంట చేసి, బాక్సులు సర్ది, బస్సెక్కడం మొదలుపెట్టాను. మీరు అంటు తీసేశారు. దాంతో పాటు నా పడక కూడా పోయింది. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఎవరికీ తట్టలేదు, నాక్కూడా. ఈ మూడు రోజులూ ఆ చాప మీద పడుకుని పెరట్లో జామచెట్టు చూస్తుంటే తట్టింది.

తరవాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అండాశయాల మీద గడ్డలు పెరిగాయిట. మందులకు లొంగేలా లేవన్నారు. "సంచీ, అండాశయాలూ తీసేస్తే నీకు చాలావరకు సుఖం. కానీ ఇక పిల్లల మాట ఉండదు. మీ ఆయన్ని అడుగు. ఆయన సంతకం కావాలి" అన్నారు.

నాకు బిడ్డ కావాలనే ఉంది. ఎంత కావాలో మీకు తెలుసు. కానీ ఒక్క నెల, ఒకే ఒక్క నెల, ఏ నొప్పీ లేకుండా ఎలా ఉంటుందో చూడాలని కూడా ఉంది. ఏం చెయ్యమంటారు?

మీ
సుచరిత


దాదర్
21 సెప్టెంబరు 1999

సుచీ,

అమ్మ చాప దించిందని చదివి ఒళ్ళు మండింది. ఇక్కడ నేను కణాల గుట్టు విప్పుతుంటే, మన ఇంట్లో మళ్ళీ మూలన కూర్చోబెట్టడాలా? ఆ చాపను తక్షణం అటకెక్కించు. పడుకోవాలనిపిస్తే మంచం లేదా?

ఆపరేషన్ మాట మళ్ళీ ఎత్తకు. తీసేసినదాన్ని తిరిగి పెట్టలేం. నీకు ముప్పై నాలుగేళ్ళే. ఒక్క ఏడాది ఆగు. మొన్న ల్యాబ్‌లో గాజు గిన్నెలో పెంచిన కణాల మీద ఒక మందు వేశాం. మొట్టమొదటిసారి కొన్ని చచ్చిపోయాయి. గోధుమ చుక్కలు కనిపిస్తే చిన్నపిల్లాడిలా గంతులేశాను. గాజు గిన్నె నుంచి మనిషి దాకా చాలా దూరమని తెలుసు. అయినా ఇప్పుడు, సరిగ్గా ఇప్పుడు, నువ్వు తొందరపడితే నేను ఎవరికోసం చేసినట్టు ఇదంతా?

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను. పెట్టలేను. మన బిడ్డ రాకుండా తలుపు మూసేయమని నా చేత్తో ఎలా రాయను?

నొప్పి మాత్ర రోజుకి రెండు వేసుకో. నవంబరు సున్నాలకు టికెట్టు కొన్నాను. వచ్చాక మాట్లాడుకుందాం. కోపంగా రాశానని అనుకోకు. నాకు భయంగా ఉంది.

నీ
వేణు


ఉప్పుగూడ
5 నవంబరు 1999

ఏమండీ,

ఇక్కడ అందరం బాగున్నాం. వానలు వెనకబట్టాయి. ఆఫీసులో ఆడిట్ మొదలైంది, పొద్దు పోయేదాకా ఉండాల్సి వస్తోంది. మీరు వచ్చినా నేను ఇంట్లో ఉండను. అంచేత ఈ నెల రాకండి. టికెట్టు క్యాన్సిల్ చేయించుకోండి.

డాక్టరమ్మ మందు మార్చారు. మీరేమీ దిగులు పడొద్దు.

చాప సంగతి. మంచం ఉంది, నిజమే. మంచం మీద పడుకున్న కోడలికి "కాస్త కాఫీ పెట్టు" అన్న మాట వినబడుతుంది. చాప మీద ఉన్నదానికి వినబడదు. అందుకని దాన్ని అటకెక్కించలేదు.

ఆవకాయ జాడీ ఒకటి మా ఆఫీసు కైలాసం గారితో పంపుతున్నాను. ఆయన పనిమీద బొంబాయి వస్తున్నారు. మూత గట్టిగా ఉంటుంది, గోడకేసి కొట్టకండి.

మీ
సుచరిత


దాదర్
20 డిసెంబరు 1999

సుచీ,

ఆవకాయ అందింది. మూత గోడకేసే కొట్టాను.

నువ్వు రావద్దంటే రాలేదు. నవంబరు సున్నాలు ఖాళీగా పోయాయి. ఆ రోజుల్లో సాయంత్రాలు ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి మన ఊరి బండి కదిలేదాకా నిలబడి వచ్చాను. ఎవరైనా చూస్తే ఎవరినో సాగనంపడానికి వచ్చాననుకుంటారు. ఈ మధ్య నీ ఉత్తరాలు మరీ పొట్టిగా, పొడిగా వస్తున్నాయి. ఆడిట్ అయినా ఇన్నాళ్ళా? నీకు నామీద కోపమొస్తే తిట్టి రాయి. ఈ "అందరం బాగున్నాం" మాత్రం వద్దు.

ఒక మంచి వార్త చెబుతాను. ఇది చదివైనా నవ్వు. మన ఊరి నుంచి, మీ డాక్టరమ్మ దగ్గర్నుంచే, ఒక సాంపిల్ వచ్చింది. రెండు ముక్కలు. గర్భసంచి పొర ఒకటి, అండాశయం మీది గడ్డ గోడ ఒకటి. ముప్పై నాలుగేళ్ళావిడ. పిల్లల్లేరు. రంగు వేసి చూద్దును కదా, ఇంత స్పష్టమైన స్లైడు నా జన్మలో చూడలేదు. ఎంత వెతికినా గోధుమ చుక్క లేదు. చావాల్సిన కణాలన్నీ నిక్షేపంలా ఉన్నాయి. మా గైడు మేడమ్ ల్యాబ్ అందరినీ పిలిచి చూపించారు. థీసిస్‌లో మొదటి బొమ్మ ఇదేనన్నారు. అందరం కిందికి వెళ్ళి వడాపావ్ తిన్నాం.

కానీ గదికి వచ్చాక మనసు ఒకలా అయిపోయింది. ఆవిడెవరో గానీ, సుచీ, ఎంత భరించి ఉంటుందో! ఆ కణాలు ఇన్నేళ్ళూ నెల నెలా లోపలే రక్తం కార్చి ఉంటాయి. ఆ నొప్పితోనే ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి ఉంటుంది. ఉద్యోగముంటే బస్సెక్కి ఉంటుంది. అడిగినవాళ్ళకి బాగానే ఉన్నానని చెప్పి ఉంటుంది. ఎదురుగా ఉంటే ఆ తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టేవాణ్ణి.

జవాబు పొడుగ్గా రాయి.

నీ
వేణు


ఉప్పుగూడ
4 జనవరి 2000

ఏమండీ,

పొడుగ్గానే రాస్తాను.

ఆవిడెవరో అన్నారు. నేనే.

ఈ మాట రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. ఇంకెలా రాయాలో తెలియలేదు. ఆపరేషన్ నవంబరు చివర్లో అయింది. ఆడిట్ లేదు, ఏమీ లేదు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. గడ్డలు పేగుకి కూడా అంటుకున్నాయట. సంచీ, రెండు అండాశయాలూ తీసేశారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈసారి నిజంగానే.

మీకు ముందే రాస్తే మీరొచ్చేవారు. నా చేయి పట్టుకుని ఒక్క ఏడాది అనేవారు. మీరు చేయి పట్టుకుంటే నేను కాదనలేను. అందుకే రాయలేదు.

సంతకం సంగతి చెబుతాను. కౌంటరులో నర్సు "మొగుని సంతకం లేంది డాక్టరమ్మ చెయ్యదు" అంది. నేను తలొంచుకుని లేవబోయాను. అత్తయ్య కాగితం తన వైపు లాక్కున్నారు. "ఆ మొగుణ్ణి కన్నదాన్ని నేను. నా సంతకం చాలదా?" అన్నారు. నర్సు లోపలికి పరుగెత్తింది. డాక్టరమ్మ వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, నీకు ఇష్టమేనా అని నన్నే అడిగారు. ఇష్టమేనన్నాను. ముందు నేను సంతకం పెట్టాను. కింద అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, లలితమ్మ అని రాశారు. మనవడి కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి. ఎక్కడా ఆగలేదు. బయటికొచ్చాక "వాడికి నేను చెప్పుకుంటాలే, నువ్వు భయపడకు" అన్నారు.

ఇంటికొచ్చిన రోజు ఏమీ మింగుడుపడలేదు. ఆవిడ బీరువా తీసి ఆ ఉగ్గుగిన్నె బయటికి తెచ్చారు. అందులో జావ పోసి, ఒళ్ళో నా తల పెట్టుకుని, కొంచెం కొంచెంగా తాగించారు. నేను ఏడిస్తే తుడిచారు. తనూ ఏడ్చారు. మా ఇద్దరికీ ఆ ఏడుపు కావాల్సి ఉంది.

ముక్కలు మీ ప్రాజెక్టుకే పంపమని డాక్టరమ్మను నేనే అడిగాను. ఎవరివో చెప్పొద్దన్నాను. నేను రాలేని చోటికి అవైనా వస్తాయనుకున్నాను. మీరు రోజంతా కళ్ళు పెట్టి చూసేది వాటినే కదా, ఒక్కసారి నన్ను కూడా అలా చూస్తారనిపించింది. పిచ్చి ఆలోచన. అయినా పంపాను.

మీ ఉత్తరం చదివితే కోపం రాలేదని చెబితే అబద్ధం. ముప్పై నాలుగేళ్ళావిడ, పిల్లల్లేరు, మన డాక్టరమ్మే. ఇన్ని చదివి కూడా మీకు నేను గుర్తుకు రాలేదు. మీ సంతకం లేకుండా నాకేమీ జరగదని అంత నమ్మకం! నన్ను చూసి వడాపావ్ తిన్నారు. ఆ తరవాతి పేరా కూడా చదివాను. ఎంత భరించి ఉంటుందో అన్న ఆ ఒక్క మాట కోసం పదేళ్ళుగా కాచుకుని ఉన్నానండీ. నాతో అనలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడతో అన్నారు. ఆవిడ నేనే కావడం నా అదృష్టం.

ఇప్పుడు నాది ఒకటే ప్రశ్న. నిజం రాయండి. ఇన్నాళ్ళూ మీరు ఎర్ర సున్నాలకు వచ్చారు. ఇక ఈ ఇంట్లో ఆ సున్నాలుండవు. ఇకమీదట మీరు దేనికోసం వస్తారు? రాకపోయినా నిందించను. బిడ్డ మీద మీకున్న ఆశ నాకు తెలుసు, నాదీ అదే. కానీ తెలిస్తే గేటు వైపు చూడటం మానేస్తాను. ఉప్పుగూడ స్టేషన్లో ప్యాసింజర్ కూత వేసినప్పుడల్లా లేచి కూర్చుంటే కుట్లు లాగుతున్నాయి.

సుచరిత


దాదర్
13 జనవరి 2000

సుచీ,

నీ ఉత్తరం అందింది. చదివి ఎక్కడికి వెళ్ళానో, ఎంతసేపు నడిచానో తెలియదు. తిరిగి ల్యాబ్‌కి వచ్చి ఆ స్లైడు తీసి పెట్టుకున్నాను.

నంబరుగా చూసినప్పుడు అందులో ప్రోటీన్ కనిపించింది. ఇప్పుడు నీ కణాలు కనిపించాయి. చావని కణాలకు పట్టే నీలం రంగులో, ఒకదాని పక్కన ఒకటి, నువ్వు పెరట్లో వరసగా పెట్టే వడియాల్లా. ఎంతసేపు చూశానో. మేడమ్ వచ్చి, "ఆ స్లైడు అయిపోయింది కదా, ఇంకా ఏముంది అందులో?" అన్నారు. మా ఆవిడ ఉంది అన్నాను. ఆవిడకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. తరవాత నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

నిజం రాయమన్నావు. బిడ్డ ఆశ పోలేదు సుచీ. రోజులో ఒకసారైనా గుచ్చుకుంటుంది. మెట్లమీద ఎవరి పిల్లలో పరుగెత్తితే తల తిప్పుకుంటున్నాను. కానీ నీ ప్రశ్న చదివి వచ్చిన భయం ముందు అది ఎంత! నువ్వు గేటు వైపు చూడటం మానేస్తే నేను ఎక్కడికి రావాలి?

అమ్మ మీద కోపం లేదు. ఆవిడ చెయ్యాల్సింది ఆవిడ చేసింది.

ఇదివరకు టికెట్టు కొనేముందు జేబులోంచి చిన్న క్యాలెండరు తీసి చూసుకునేవాణ్ణి. ఇవాళ కౌంటరులో ఏ తేదీకి అని అడిగితే, ఏ తేదీకి దొరికితే ఆ తేదీకే అన్నాను. వెయిటింగ్ లిస్టే ఇచ్చాడు. అది తేలకపోతే జనరల్ బోగీలో నిలబడి వస్తాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేను ముందు చేరతానో తెలియదు.

వేణు


ఉప్పుగూడ
6 ఫిబ్రవరి 2000

ఏమండీ,

ఇది మీ సంచిలో తువ్వాలు మడతలో పెడుతున్నాను. దాదర్‌లో దిగాక గానీ మీకు కనబడదు.

మీరిప్పుడు వెనక గదిలో, ఆ చాప మీద, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. మధ్యాహ్నం నా పక్కన ఊరికే కూర్చుంటానని వచ్చి, జామచెట్టు మీది చిలకను చూపిస్తూ చూపిస్తూ పడుకుండిపోయారు. ఇందాక అత్తయ్య కాఫీ చల్లారిపోతోందని లేపబోయారు. చాప మీద ఉన్నవాళ్ళకు వినబడదని చెప్పాను. ఆవిడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు.

మీరొచ్చిన రోజు గేటు దగ్గర కాశమ్మ "ఏంది సారూ, అమాస గాదు, పున్నం గాదు, గీ పొద్దు వచ్చిండ్రు?" అనడిగింది. లోపల నేను బియ్యం ఏరుతూ చెయ్యాపి విన్నాను. మీరు "ఊరికే వచ్చాను కాశమ్మా" అన్నారు. ఆ మాట విని బియ్యం పళ్ళెం పక్కన పెట్టి ఏడ్చాను. రాళ్ళు ఏరలేదు. ఆ రాత్రి అన్నంలో మీకు పంటికింద పడింది అందుకే.

మీతో చెప్పనిది ఒకటుంది. పోయిన నెల ఆ తేదీ వచ్చింది. అలవాటు కొద్దీ పొద్దున్నే నొప్పి మాత్ర దగ్గర పెట్టుకుని, ఒళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను. ఏమీ రాలేదు. సాయంత్రం దాకా కాచుకున్నాను. అంత తేలిగ్గా ఉన్న రోజు నాకు పెద్దమనిషినయ్యాక గుర్తు లేదు. ఎంత హాయిగా ఉందో అంత బావురుమనిపించింది. మనకు ఇక రాని దాన్ని తలుచుకుని, అత్తయ్య చూడకుండా కాసేపు ఆ ఉగ్గుగిన్నె ఒళ్ళో పెట్టుకున్నాను. ఇప్పుడు అది బీరువాలో లేదు. ఆవిడ అందులో పటికబెల్లం పోసి వంటింటి గూట్లో పెట్టారు. మీరు బయల్దేరేముందు నోట్లో పెట్టబోయే ముక్క అందులోదే.

థీసిస్‌లో మొదటి బొమ్మగా నన్నే పెట్టండి. ఏమీ అనుకోను. నంబరే ఉండనివ్వండి, పేరొద్దు. ఎవరో ఒకావిడకు, ఏదో ఒక ఊళ్ళో, కోత లేకుండా తగ్గాలని నాకూ ఉంది.

కొత్త సంవత్సరం క్యాలెండరు గోడకు తగిలించాం. దాని మీద ఒక్క గీత కూడా లేదు. మీరొచ్చిన తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టాలనిపించి, ఇందాక డ్రాయరులోంచి ఎర్ర పెన్సిలు తీశాను. చుట్టలేదు. మళ్ళీ ఎక్కడ మీరు దాన్ని చూసుకుని వస్తారోనని.

మీ
సుచరిత